రాము తండ్రి పేరు హెస్రోను

బైబిల్లో రాముడున్నాడన్న వార్త మా పలాస, టెక్కలి ప్రాంతాలకు కొత్త కాదు. రెండు మూడేళ్లకొకసారి ఎవరో ఒకరు దానిని మళ్లీ కొత్తగా కనుగొంటూ ఉంటారు. పూర్వం అది కరపత్రంగా చేతికి వచ్చేది. ఇప్పుడు ఫోనులోకి వస్తున్నది. వాహనం మారింది గాని సరుకు మారలేదు.

సరుకులో రెండు రకాలున్నాయి. మొదటి రకం వారి వాదం ఇది: రూతు గ్రంథం చివర దావీదు మహారాజు పూర్వీకుల పట్టికలో ‘రాము’ అనే పేరున్నది, కనుక యూదులు మన సూర్యవంశానికే ఒక కొమ్మ, వారి గ్రంథం మన ఇతిహాసానికి చెదలు తిన్న ప్రతి. రెండవ రకం వారు అదే పేరును చూపి, అసలు రాముడు ఆయనే, మనవాళ్లు ఆ పేరును అరువు తెచ్చుకొని కథ అల్లుకొన్నారంటారు. ఇద్దరూ ఒకరినొకరు దొంగ అంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్న సాక్ష్యం ఒక్కటే, రెండక్షరాల పేరు.

పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడిని నేను. మతాల మధ్య తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, ఆ కోరికా లేదు. కాని ఒక పేరును పట్టుకొని ఒక వంశాన్ని, ఒక జాతిని, చివరకు ఒక దేవుడిని కూడా చేతులు మార్చేస్తుంటే, ఆ పేరు వ్యాకరణం ఏమిటని అడిగే అధికారం మాత్రం ఉన్నది. మా ఊళ్లలో రామమందిరం వీధీ, ప్రార్థనమందిరం వీధీ పక్కపక్కనే ఉంటాయి. ఒకే కుటుంబంలో అన్న ఒక చోటికి, తమ్ముడు మరొక చోటికి వెళ్లే ఇళ్లున్నాయి. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ‘మీవాళ్లు మా పేరు దొంగిలించారు’ అన్న మాట పుట్టించడం చిన్న పని కాదు. అందుచేత ఈ టపా.

ఇంతకూ ఈ రాము ఎవరు?

రూతు గ్రంథం పది పేర్లు చెబుతుంది: పెరెసు, హెస్రోను, రాము, అమ్మీనాదాబు, నయస్సోను, శల్మాను, బోయజు, ఓబేదు, యెష్షయి, దావీదు. వీరిలో రాము మూడవవాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం రెండవ అధ్యాయం ఆయనకు యెరహ్మెయేలు, కెలూబై అనే ఇద్దరు తోబుట్టువులను చూపుతుంది. అంతే. ఆయన చేసిన యుద్ధం లేదు, కట్టిన బలిపీఠం లేదు, పలికిన మాట ఒక్కటీ లేదు. భార్య పేరు లేదు, బ్రతికిన ఏండ్ల లెక్క లేదు. పేరైనా నిలకడగా ఉన్నదా అంటే అదీ లేదు. మత్తయి సువార్తలో మన తెలుగు బైబిలే ఆయనను ‘అరాము’ అంటున్నది. హెబ్రీ గ్రంథాలను గ్రీకులోకి మార్చినవారు ఆ పేరును పలువిధాలుగా వ్రాశారు. మత్తయి మనకు గ్రీకులోనే దక్కింది. లూకా సువార్త ప్రాచీన ప్రతులు కొన్నింటిలో అదే చోట ‘అర్ని’ అని కనబడుతుంది. కరపత్రం వేసేవారు రూతు పుట తెరిచి మత్తయి పుట మూసివేస్తారు.

పైగా ఈ పేరు ఈయన ఒక్కడి సొత్తు కాదు. యెరహ్మెయేలు పెద్దకొడుకు పేరూ రామే. యోబు గ్రంథంలో ఎలీహు అనే యువకుడు రాము వంశస్థుడనే చెప్పారు. ఈ రాములలో ఏ రాముకు అయోధ్యతో సంబంధమో ఏ కరపత్రమూ చెప్పదు.

ఇక వ్యాకరణం. తెలుగు అజంత భాష. మాట చివర హల్లు నిలబడటం మన నోటికి ఇష్టం లేదు. పరభాషా పదం హల్లుతో గుమ్మంలోకి వస్తే ఉకారం తగిలించి లోపలికి రానిస్తాం. బస్ బస్సయింది, రైల్ రైలయింది, కలెక్టర్ కలెక్టరయ్యాడు. అదే న్యాయంతో దావీద్ దావీదు, ఓబేద్ ఓబేదు అయ్యారు. హెబ్రీలో ఈ పేరు రామ్, హలంతం. దానికి ఉకారం చేరి రాము అయింది. మన రామ శబ్దం అకారాంతం, పుంలింగం. బాలవ్యాకరణం చదివిన వారెవరినడిగినా దానికి ‘డు’ చేరి రాముడవుతుందని చెబుతారు. హెబ్రీ పేరు రాము కావడం ఒక సూత్రం చేత, సంస్కృత నామం రాముడు కావడం వేరొక సూత్రం చేత. రామారావునూ రామ్మూర్తినీ ఇంట్లో ముద్దుగా ‘రాము’ అని పిలుచుకొంటాం కనుక ఆ పేరు కనబడగానే మన పిల్లవాడే అనిపిస్తుంది. అలా అనిపించడం మన చెవి చేసిన పని. అందులో హెస్రోను కొడుకు చేసినదేమీ లేదు. ఇంగ్లీషు బైబిలు చదివేవాడికి అదే పేరు అక్షరాలా ‘పొట్టేలు’ అనే మాటగా కనబడుతుంది. కరపత్రాల తర్కం చెల్లేటట్లయితే దావీదు మహారాజు పొట్టేలు సంతతివాడని ఇంగ్లండులో ఎవరైనా కరపత్రం వేసుకోవచ్చు.

ధాతువులు చూసినా అంతే. హెబ్రీలో రామ్ అంటే ఎత్తైనది, ఉన్నతమైనది. అబ్రాము అంటే ఉన్నతుడైన తండ్రి. సమూయేలు ఊరు రామా అంటే మెరక. నేటి రామల్లా పేరులో మొదటి సగమూ ఆ కుటుంబానిదే. సంస్కృతంలో రమ్ ధాతువుకు ఆనందించడం, విశ్రమించడం అర్థాలు. వేదభాషలో రామ శబ్దానికి నలుపు అనే అర్థమూ ఉన్నది. ఎత్తు వేరు, ఆనందం వేరు, నలుపు వేరు. రమ్ ధాతువుకు నిజమైన దాయాది కావాలంటే పారశీకుల అవెస్తాలో శాంతి అనే అర్థంలో ‘రామన్’ అనే మాట ఉన్నది. ఆ చుట్టరికాన్ని ఎవరూ కాదనరు. ఎందుచేతనంటే ఆ రెండు భాషల మధ్య వందల మాటలు ఒకే వరుసలో, ఒకే ధ్వని నియమంతో సరిపోతాయి.

చుట్టరికం ఎలా తేల్చాలో 1816లోనే మన తెలుగు మీదే చేసి చూపించారు. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను వరుసలు వరుసలుగా పక్కపక్కన నిలబెట్టి, ఈ భాషలు ఒక ఇంటివని, సంస్కృతం నుండి పుట్టినవి కావని నిరూపించాడు. ఆయన ఒక్క మాటను పల్లకిలో పెట్టి ఊరేగించలేదు. రెండు వందల ఏళ్ల తరువాత కూడా మనం ఊరేగిస్తున్నాం.

మన దేశానికీ ఆ గ్రంథానికీ సంబంధమే లేదా అంటే, ఉన్నది. రాజుల మొదటి గ్రంథం పదవ అధ్యాయంలో సొలొమోను ఓడలు మూడేళ్లకొకసారి తెచ్చే వస్తువులలో నెమళ్లున్నాయి. హెబ్రీలో ఆ మాట ‘తుక్కి’. అది తమిళ ‘తోగై’ నుండి వెళ్లిందని కాల్డ్‌వెల్ మొదలుగా చాలామంది పండితులు భావించారు. తోగై అంటే నెమలి పింఛం; మన ‘తోక’ దానికి తోబుట్టువు. చుట్టరికం వెదకబోయినవారికి తోక దొరికిందని నవ్వుకోవద్దు. ఎవరి దేవుడినీ ఎవరూ దొంగిలించకుండా, సరుకు కొని, డబ్బిచ్చి, దాని పేరును కూడా పట్టుకుపోయిన మర్యాదైన సంబంధం అది.

ఇంతవరకు రాము ఎవరు కాడో చెప్పాను. ఆయన ఎవరో కూడా చెప్పకపోతే నేనూ కరపత్రంవాడినే అవుతాను.

ఆదికాండం 46వ అధ్యాయంలో యాకోబు వెంట ఐగుప్తుకు వెళ్లినవారి జాబితాలో హెస్రోను పేరున్నది. సంఖ్యాకాండం మొదటి అధ్యాయంలో, ఐగుప్తు విడిచిన రెండవ ఏట, యూదా గోత్రానికి నాయకుడు నయస్సోను. ఆ ఇద్దరి మధ్య ఉన్నది ఇద్దరే: రాము, అమ్మీనాదాబు. ఐగుప్తు నివాసం 430 ఏళ్లని నిర్గమకాండం 12వ అధ్యాయం. గ్రీకు అనువాదం కనానులో గడిపిన కాలాన్ని కూడా ఆ లెక్కలోనే కలుపుతుంది. అలా తగ్గించి సగం చేసినా రెండు వందల పైచిలుకు. ఇద్దరు మనుషులు మోయగలిగిన కాలం కాదది.

అంటే నడుమ ఎన్నో పేర్లు రాలిపోయాయి. తెలుగులో ‘కనెను’ అని చదువుకొనే చోట హెబ్రీలో ఉన్నది ‘జన్మింపజేసెను’ వంటి ప్రేరణార్థక క్రియ. అది తండ్రికే కాక తాతకూ ముత్తాతకూ చెల్లుతుంది. ఇలా విడిచిపెట్టడం వారికి వాడుకే. మత్తయి యెహోరాము తరువాత ఉజ్జియాను చెప్పి, నడుమనున్న అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను దాటిపోయాడు. సింహాసనం మీద కూర్చున్న ముగ్గురు రాలిపోయిన పట్టికలో, ఏ పనీ చెప్పబడని రాము మిగిలాడు. ఐగుప్తులో మట్టి పిసికి ఇటుకలు చేసిన తరాలన్నీ, దాస్యంలో పుట్టి దాస్యంలోనే పోయినవారందరూ, ఈ వంశానికి సంబంధించినంతవరకు ఆ రెండు పేర్ల కింద ఉన్నారు. ఇదీ రాము బరువు. ఆయనను కోసలరాజును చేయడమంటే ఆ ఇటుకల బట్టీలో నుండి ఆ తరాలను మరొకసారి చెరిపివేయడమే.

మన ధర్మశాస్త్రపు లెక్కలోనూ ఆయన స్థానం చూడదగినదే. మితాక్షర సంప్రదాయంలో తనతో కలిపి ఏడు తరాల వరకు సపిండులు. దావీదు నుండి లెక్కించండి: దావీదు, యెష్షయి, ఓబేదు, బోయజు, శల్మాను, నయస్సోను, అమ్మీనాదాబు. ఏడు అయిపోయాయి. రాము ఎనిమిదవవాడు. పిండానికి నోచుకోడు, సమానోదకులలో చేరి దోసెడు నీళ్లకు మాత్రమే నోచుకొంటాడు. మన ఇళ్లలో ఎనిమిదవ తరం పేరు తెలిసినవారెందరు? ఒక గొఱ్ఱెల కాపరి రాజైనప్పుడు అతని జాతి ఆ ఎనిమిదవ పేరును కూడా జాగ్రత్త చేసుకొన్నది.

ఇంకొక సంగతి. నిర్గమకాండం ఆరవ అధ్యాయం ప్రకారం అహరోను భార్య ఎలీషెబ అమ్మీనాదాబు కుమార్తె, నయస్సోను చెల్లెలో అక్కో. పట్టిక లెక్కన రాము మనుమడు ఎడారిలో యూదా గోత్రాన్ని నడిపాడు. మనుమరాలు తొలి ప్రధాన యాజకుని ఇల్లాలై యాజకవంశానికి తల్లి అయింది. ఆయన తానుగా ఏమీ కాలేదు గాని, ఆ జాతి రాజ్యమూ యాజకత్వమూ రెండూ ఆయన ఇంటి గుమ్మం మీదుగా వెళ్లాయి.

యెరహ్మెయేలు సంగతి మరీ ఆసక్తికరం. సమూయేలు మొదటి గ్రంథంలో యెరహ్మెయేలీయులు దక్షిణదేశంలో వేరొక జనంగా కనబడతారు. వారు తరువాత యూదాలో కలిసిపోయారని, ఆ కలయికనే వంశావళి అన్నదమ్ముల వరుసగా వ్రాసుకొన్నదని పలువురు పండితుల అభిప్రాయం. రాము ఒకచోట యెరహ్మెయేలు తమ్ముడు, అదే అధ్యాయంలో మరొకచోట యెరహ్మెయేలు కొడుకు పేరు కావడం ఆ అతుకు దగ్గర మిగిలిన దారపు పోగు కావచ్చును. వంశావళి ఒక్కొక్కసారి రక్తం లెక్క కాదు. ఒకే నేల మీద బ్రతకవలసినవారు చేసుకొన్న ఒడంబడిక.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకొనేవారు మా మందస వెనుకనున్న మహేంద్రగిరి వైపు చూడండి. ఈ నేలను ఏలిన తూర్పు గంగరాజులు తొలినాటి తామ్రశాసనాలలో తమను మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి భక్తులమని చెప్పుకొన్నారే గాని పొడుగాటి వంశావళి చెప్పుకోలేదు. శక సంవత్సరం 979 నాటి, అనగా సామాన్యశకం 1057-58 నాటి నడగాం శాసనం గుణమహార్ణవుడితో మొదలుపెట్టి, ఎవరు ఎన్నేళ్లు ఏలారో వరుసగా చెబుతుంది. దానిని పరిష్కరించి ప్రకటించినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారే. అందులో ఒక కామార్ణవుడున్నాడు. ఆయన ఏలుబడి అరసంవత్సరం. ఆరు నెలలు! ఆయన విజయాలేమిటో మనకు తెలియవు.

తరువాత అనంతవర్మ చోడగంగదేవుని శక సంవత్సరం 1040 నాటి, అనగా 1118-19 నాటి విశాఖపట్నం శాసనం చూడండి. విష్ణువు, బ్రహ్మ, అత్రి, చంద్రుడు, యయాతి, తుర్వసుడు, గంగావరప్రసాది అయిన గాంగేయుడు, కోలాహలపురం కట్టిన కోలాహలుడు... అలా దిగివచ్చి, కామార్ణవుడు తమ్ములతో మహేంద్రగిరి చేరి, బాలాదిత్యుని జయించి కళింగం పుచ్చుకొన్న కథ. అరవై ఏండ్లలో గుణమహార్ణవుడి నెత్తి మీద చంద్రుడి దాకా నిచ్చెన వేశారు. రాజ్యం పెరిగింది, కనుక పూర్వీకులూ పెరగవలసి వచ్చింది.

ఈ రెండు శాసనాలలో చరిత్రకారుడు దేనిని ఎక్కువ నమ్ముతాడు? చంద్రుడిని కాదు, అరసంవత్సరపు కామార్ణవుడిని. గొప్ప కోసం కల్పించేవాడు ఆరు నెలల రాజును కల్పించడు. చిన్న పేరే పట్టికకు సాక్షి. రాము విషయంలో నేను చెప్పదలచుకొన్నదీ అదే. దావీదును పొగడటానికే ఎవరైనా కూర్చొని పేర్లు అల్లి ఉంటే మూడవ పేరుకు ఒక యుద్ధమో, ఒక దర్శనమో అంటగట్టి ఉండేవారు. ఏమీ అంటగట్టలేదు. వట్టి పేరుగా వదిలివేశారు. ఆ నిజాయితీని మన కరపత్రాలు పాడుచేస్తున్నాయి. హెబ్రీ లేఖకులు చేయని చంద్రవంశపు పనిని వీరు సూర్యవంశంతో చేస్తున్నారు.

ఒక ఆక్షేపణ రావచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకొంటూ యూదధర్మం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి కదా, వారినేమంటారని. వారిని నేను ఈ గాటన కట్టను. వారు మాదిగ కుటుంబాల నుండి వచ్చినవారు. గోత్రమేమిటని అడిగి, జవాబు రాకముందే గుమ్మం బయట నిలబెట్టిన సమాజం మనది. అలా నిలబడినవారు తమకూ ఒక వంశావళి ఉన్నదంటే, ఆ మాటను చరిత్ర తూకంలో వేయడానికి ముందు, అది ఎందుకు అనవలసి వచ్చిందో అడగాలి. వారు తమకొక చోటు వెదుక్కొంటున్నారు. కరపత్రంవారు ఇంకొకరి చోటు లాక్కొంటున్నారు. ఈ రెండూ ఒకటి కావు.

మా ఉద్దానంలో రాములకు కొదవ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. పరిహారం కోసం పడిన చెట్లు లెక్కపెట్టారు. ఆ చెట్టు నాటినది ఎవరు అన్న గడి ఏ కాగితంలోనూ లేదు. ఉన్నా చాలా ఇళ్లలో నింపలేకపోయేవారు. మూత్రపిండాల జబ్బు ఈ పల్లెలను దశాబ్దాలుగా తినివేస్తున్నది. కారణం ఇదమిత్థమని ఈనాటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం పెద్ద ఆసుపత్రి తెరిచారు. ఈ జబ్బుతో వచ్చినవాడిని వైద్యుడు మీ తండ్రి ఎలా పోయాడు, మీ తాత ఎలా పోయాడు అని అడుగుతాడు. తాత గురించి చాలామంది చెప్పగలిగేది ఒకే మాట: ‘ఏదో జబ్బుతో పోయాడు బాబూ.’ ఒక పేరు, ఒక చావు, నడుమ ఏమీ లేదు. ఉద్యానం అనే మాట నుండి ఉద్దానం వచ్చిందని గొప్పగా చెప్పుకొంటాం. ఆ ఉద్యానం నాటినవారు ఇలాంటివారే. వారెవరూ సూర్యవంశం వారు కానక్కరలేదు. పేరు మిగిలితే చాలును.

కనుక కరపత్రాలు వేసే మిత్రులకు, రెండు పక్షాలవారికీ, ఒక పని చెబుతాను. దావీదు ఎనిమిదవ పేరును సర్దడం మాని, మీ ఇంటి పేర్లు వ్రాయండి. మీరు, మీ తండ్రి, తాత, ముత్తాత. ఎక్కడ కలం ఆగుతుందో అక్కడ మీ రాము ఉన్నాడు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవారెవరైనా ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి. మగవారి పేర్లతో ఆగక, ఆ ఇళ్లకు కోడళ్లుగా వచ్చినవారి పేర్లూ అడగండి. రాము భార్యను పోగొట్టుకొన్నట్లు వారిని పోగొట్టుకోవద్దు.

మా ఇంటి లెక్క అయిదవ తరం దగ్గర ఆగిపోయింది. మీ ఇంట ఎంతదాకా వెళుతుందో వ్యాఖ్యలలో వ్రాయండి, సంతోషిస్తాను. కరపత్రాలు మాత్రం పంపవద్దు. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి.